ఉడుత నెత్తిన మొలిచిన కొమ్మ: ఫొటోల మీద మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలోనూ దాదాపు ఒకటే గోల. కెమెరా కొన్నాం, సెట్టింగులు నేర్చుకున్నాం, ఫోకస్ కూడా బాగానే పడుతోంది, అయినా ఫొటో చూస్తే ఏదో వెలితి అని. ఆ వెలితి చాలావరకు కంపోజిషన్‌ది. అంటే ఫ్రేములో ఏది ఉండాలి, ఎక్కడ ఉండాలి, ముఖ్యంగా ఏది ఉండకూడదు అన్నది. జంతువులు, పక్షులు, చెట్టూచేమల ఫొటోలు కొత్తగా మొదలుపెట్టినవాళ్ల ప్రశ్నలు కొన్ని తీసుకున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది, ఎందుకంటే మిగతావాళ్ల కష్టాలు కూడా సగం అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: ఆరు నెలలుగా ఫొటోలు తీస్తున్నాను. ఒక ఉడుత, ఒక కొంగ, మా కుక్క, ఈ మూడు ఫొటోలు పంపుతున్నాను. మూడూ షార్ప్‌గానే ఉన్నాయి. అయినా ఎవరికి చూపించినా "బాగుంది" అని ఫోన్ తిరిగి ఇచ్చేస్తున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: లోపం ఉడుతలో లేదు, కొంగలో లేదు, కుక్కలో అసలే లేదు. ఉడుత మీసాలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, కానీ వెనక ఉన్న ఎండుకొమ్మ ఒకటి సరిగ్గా దాని నెత్తిమీంచి లేచింది, చూస్తే ఉడుతకే కొమ్ము మొలిచినట్టుంది. కొంగ ఫొటోలో కుడి అంచున సగం తెగిన ప్లాస్టిక్ సంచి ఉంది, అది కొంగకన్నా తెల్లగా మెరుస్తోంది, చూసేవాళ్ల కన్ను ముందు దాని దగ్గరికే పోతుంది. ఇక కుక్క కింద కూర్చుని ఉంటే మీరు నిలబడి తీశారు. తల పెద్దదైపోయి, కాళ్లు పొట్టివైపోయి, వెనక నేల తప్ప ఇంకేం లేదు.

మూడింటిలోనూ జరిగింది ఒకటే. మీరు జంతువును చూశారు, ఫ్రేమును చూడలేదు. ఇది అందరూ చేసేదే లెండి. ఉడుత కనపడగానే ధ్యాసంతా దానిమీదికి పోతుంది, వెనక కొమ్మ ఉన్నా మెదడు దాన్ని లెక్కచేయదు. పైగా మనకు రెండు కళ్లున్నాయి కాబట్టి ఆ కొమ్మ మూడడుగుల వెనక ఉందని తెలిసిపోతుంది. కెమెరాది ఒంటికన్ను. ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ తెచ్చి ఒకే కాగితం మీద అతికించేస్తుంది.

అందుకని నేను చెప్పేది మీకు కొంచెం తిరగేసినట్టు అనిపించొచ్చు. ముందు వెనకేముందో చూసుకోండి, జంతువు సంగతి ఆ తర్వాత. ఉడుత రోజూ ఒకే గోడమీద తిరుగుతుంటే అది రాకముందే వెళ్లి కూర్చుని, ఏ చోటునుంచి చూస్తే గోడ వెనక నీడలో ఉన్న పొదో, దూరంగా ఉన్న గడ్డో ఒకే రంగు తెరలా కనిపిస్తుందో వెతుక్కోండి. ఇక ఉడుత రావడమే ఆలస్యం. అంత తీరిక లేక అప్పటికప్పుడు తీయాల్సివస్తే కుడికో ఎడమకో ఒక అడుగు జరగండి. చాలాసార్లు అడుగు కూడా అక్కర్లేదు, నడుం కాస్త వంచితే చాలు, కొమ్మ తలమీంచి పక్కకు తప్పుకుంటుంది.

వెనకది మసకగా రావాలంటే ఖరీదైన లెన్స్ ఉండాల్సిందేనని చాలామంది నమ్మకం. అపెర్చర్, అంటే లెన్స్‌లోంచి వెలుగు వచ్చే రంధ్రం, పెద్దదైతే మంచిదే, కాదనను, కానీ దూరాల లెక్క కూడా అంతే ముఖ్యం. మీకూ జంతువుకూ మధ్య దూరం తగ్గాలి, జంతువుకూ దాని వెనక ఉన్నదానికీ మధ్య దూరం పెరగాలి. మామూలు జూమ్ లెన్స్‌ను 300 ఎంఎం దాకా లాగి, అపెర్చర్‌ను ఎఫ్ 5.6 దగ్గర పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లిని తీయండి, గోడమీద పెచ్చులు కూడా కనిపిస్తాయి. అదే పిల్లి వెనక 20 మీటర్ల దాకా ఏమీ లేని చోట కూర్చున్నప్పుడు అదే లెన్స్‌తో, అంతే దూరంనుంచి తీయండి, వెనకంతా కలిపేసిన రంగులా అయిపోతుంది. లెన్స్ మారలేదు, చోటు మారిందంతే.

ఇంకో అలవాటు. వేలు బటన్ మీద పెట్టాక, నొక్కేముందు, చూపును ఫ్రేము నాలుగు అంచుల వెంట ఒకసారి తిప్పండి. ఒక్క సెకను పని. సంచులు, తెగిన ఆకులు, పక్కనున్న ఇంకో పక్షి తోక, చెట్ల సందులోంచి మెరిసే ఆకాశపు ముక్క, ఇవన్నీ అంచుల్లోనే నక్కి ఉంటాయి. చూసేవాళ్ల కన్ను ఎక్కువ వెలుగున్న చోటికి పరిగెడుతుంది, ఆ వెలుగు మీ జంతువు మీద కాకుండా ఇంకెక్కడో ఉంటే అది ఎంత అందంగా నిలబడినా మీకు కలిసిరాదు. (ఒకప్పుడు నేను ఒక నీటికోడి ఫొటోను పెద్ద సైజులో ప్రింటు తీయించి గోడకు పెట్టుకున్నాను. రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన ఓ చిన్నపిల్ల "వెనక ఆ స్తంభం ఎందుకుంది?" అని అడిగింది. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నాకు స్తంభం కనపడలేదు. ఆ తర్వాత స్తంభం తప్ప ఇంకేదీ కనపడలేదు. ఫొటో తీసేశాను.)

కుక్క సంగతి తేలిక. కూర్చోండి, కుదిరితే బోర్లా పడుకోండి. లెన్స్ దాని కంటి ఎత్తుకు రావాలి. కిందికి దిగగానే వెనక ఉన్న నేల పోయి ఎక్కడో దూరంగా ఉన్నది వెనకకు వస్తుంది, దాంతో మసక కూడా దానంతటదే వస్తుంది, పైనుంచి చూస్తున్నట్టు కాకుండా దాని ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. ఫోకస్ కంటిమీద పెట్టండి, రెండు కళ్లూ కనిపిస్తుంటే మనకు దగ్గరగా ఉన్న కంటిమీద. ఆ కంట్లో ఆకాశం వెలుగు ఒక చుక్కలా పడేదాకా ఆగండి. ఆ చుక్క లేకపోతే బతికున్న కుక్క కూడా బొమ్మలా ఉంటుంది. బట్టలకు మట్టి అంటుకుంటుంది, ఏం చేస్తాం.

ప్రశ్న: ఎవరిని అడిగినా "మూడో వంతు రూల్" అంటున్నారు. జంతువును మధ్యలో పెడితే తప్పా? నావన్నీ మధ్యలోనే వస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మధ్యలో పెట్టడం తప్పు కాదు. కానీ అన్నీ మధ్యలోనే వస్తున్నాయంటే అది మీరు ఎంచుకున్నది కాదు, కెమెరా ఎంచుకున్నది. ఫోకస్ చుక్క మామూలుగా మధ్యలో ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి పక్షి మీద పెడతాం, పచ్చగా వెలగగానే నొక్కేస్తాం. పక్షి మధ్యలో కాక ఇంకెక్కడ పడుతుంది? ఫోకస్ చుక్కను పక్కకు జరపడం మీ కెమెరాలో ఎలాగో ఈరోజే నేర్చుకోండి. కంటిని దానంతటదే గుర్తుపట్టి వెంటాడే కెమెరా అయితే ఆ బాధే లేదు. పాత కెమెరా అయితే బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టుకుని, అలాగే పట్టి ఉంచి ఫ్రేమును జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కండి. కదలకుండా కూర్చున్న జంతువుకు ఇది సరిపోతుంది, కదిలేదానికి పనికిరాదు.

ఇక ఆ రూల్ గురించి. స్క్రీన్ మీద గ్రిడ్ పెట్టుకుంటే రెండు అడ్డగీతలు, రెండు నిలువు గీతలు కనిపిస్తాయి, అవి కలిసే నాలుగు చోట్లలో ఒకదాని దగ్గర ముఖ్యమైనదాన్ని పెట్టమంటారు. దానికి ఆ పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు, 1797లో. ఈరోజు మిగిలి ఉన్న అతి పాత ఫొటోకు దాదాపు 30 ఏళ్ల ముందన్నమాట. ఆయన చెప్పింది బొమ్మలు వేసేవాళ్లకు, నేలకూ ఆకాశానికీ ఎంతెంత చోటివ్వాలి లాంటి లెక్కల గురించి. కాబట్టి దీన్ని కెమెరాతో పాటు వచ్చిన చట్టంలా చూడొద్దు.

జంతువుల విషయంలో నాకు ఆ గీతలకన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. అది ఎటు చూస్తోంది? చూస్తున్న వైపు చోటు వదలండి. ఎడమకు చూస్తున్న పిట్టను ఎడమ అంచుకు అతికిస్తే ముఖం గోడకు పెట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. నడుస్తున్నా ఎగురుతున్నా ఇంతే, ముందు వైపు ఎక్కువ, వెనక తక్కువ. సూటిగా మీ కళ్లలోకి చూస్తున్న ముఖమో, నిశ్చలమైన నీళ్లలో నీడతో సహా నిలబడిన పక్షో దొరికితే మాత్రం మొహమాటపడకండి, మధ్యలోనే పెట్టండి. అక్కడ పక్కకు జరిపితేనే పాడవుతుంది.

ప్రశ్న: నిలువుగా తీయాలా, అడ్డంగా తీయాలా?

జవాబు: పొడుగు కాళ్ల మీద నిలబడిన పక్షికి, చెట్టు మానుకు, జలపాతానికి నిలువు. మిగతావాటికి రెండూ తీయండి. కెమెరా తిప్పడం బద్ధకమనిపించి అన్నీ అడ్డంగానే తీసేవాళ్లు నాకు చాలామంది తెలుసు, ఆ లిస్టులో మొదటి పేరు నాదే.

ప్రశ్న: నా దగ్గర కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ ఒక్కటే ఉంది. పక్షిని తీస్తే చీమంత వస్తుంది. తర్వాత క్రాప్ చేస్తే మసకైపోతుంది. పెద్ద లెన్స్ కొనేదాకా ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. ముందు క్రాప్ లెక్క చెబుతాను. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000 అడ్డం, 4000 నిలువు చుక్కలు. అడ్డంలో సగం, నిలువులో సగం ఉంచుకుని మిగతాది కోసేస్తే మిగిలేది 3000 బై 2000, అంటే 6 మెగాపిక్సెల్. సగం కోశామనుకుంటాం గానీ నిజానికి ముప్పావు వంతు పోయింది. ఫోనులో చూడ్డానికి అది చాలు, అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటు తీసినా 10 అంగుళాల వెడల్పు వస్తుంది. ఇంకోసారి అలాగే సగం కోస్తే 1.5 మెగాపిక్సెల్. అక్కడినుంచి ఈకలు కావు, గళ్లు కనిపిస్తాయి. ఫోనులో వేళ్లతో లాగే డిజిటల్ జూమ్ కూడా చాలావరకు ఇలా కోసి పెద్దది చేయడమే, కాబట్టి దానిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

చీమంత పక్షిని పెద్దది చేయాలని తంటాలు పడేకంటే దాన్ని చీమంతగానే ఉంచి ఫొటో తీయడం నేర్చుకోండి. ఇది రాజీ అని చెప్పడం లేదు. తూర్పు ఆఫ్రికాలో ఏనుగులు, సింహాల నలుపు తెలుపు ఫొటోలతో పేరు తెచ్చుకున్న నిక్ బ్రాండ్ట్, మిగతావాళ్లంతా దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే పెద్ద టెలిఫొటో లెన్సులు మోస్తుంటే, అవి లేకుండానే తీశాడు. ఆయన ఫొటోల్లో జంతువు చుట్టూ ఆకాశం, నేల, దుమ్ము కూడా ఉంటాయి, అది ఎక్కడ బతుకుతోందో తెలుస్తుంది. మీ లెన్స్‌తో మీరు చేయగలిగింది కూడా అదే. పెద్ద చెట్టు, దాని ఒక కొమ్మ చివర చిన్న పిట్ట. విశాలమైన చెరువు, ఒక మూల ఒంటరి బాతు. అయితే ఒక షరతు. జంతువు చిన్నదైనప్పుడు దాని ఆకారం స్పష్టంగా విడిగా కనపడాలి, గుబురు ఆకుల మధ్య పచ్చ పిట్టను పెడితే ఎవరూ వెతుక్కోరు. ఖాళీ ఆకాశమో, వెలుగు పడిన నీళ్లో, పొగమంచో వెనక ఉండాలి. సూర్యుడు దిగేవేళ ఆకాశం వెలుగును బట్టి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుగు రావాలన్న లెక్క) పెడితే పిట్ట నల్లటి ఆకారంగా వస్తుంది. అప్పుడు ముక్కు, తోక, కాళ్లు విడివిడిగా తెలిసేలా పక్కనుంచి తీయండి, ఎదురుగా తీస్తే నల్ల ముద్ద మిగులుతుంది.

సీతాకోకచిలుకలు, తూనీగలు కూడా ఉన్నాయి, 55 ఎంఎం వాటికి చాలు. రెక్కలు మూసుకుని కూర్చున్న సీతాకోకచిలుకను తీసేటప్పుడు కెమెరా వీపు దాని రెక్కకు సమాంతరంగా ఉండాలి, ఏటవాలుగా పట్టుకుంటే రెక్కలో సగమే ఫోకస్‌లో పడుతుంది. పొద్దున్నే వెళ్లండి, చలికి వాటి ఒళ్లు ఇంకా వేడెక్కి ఉండదు, త్వరగా ఎగరలేవు.

ప్రశ్న: కొండమీదినుంచి చూస్తే ఒళ్లు పులకరించింది. ఫొటోలో చూస్తే ఏమీ లేదు, పైన ఆకాశం, కింద పచ్చదనం, అంతే. కళ్లతో చూసింది కెమెరాలో ఎందుకు రాదు?

జవాబు: కొండమీద మీరు ఒక్క దృశ్యాన్ని చూడలేదు. తల తిప్పుతూ, ఒకసారి లోయను, ఒకసారి దూరంగా ఉన్న చెట్టును, ఒకసారి మబ్బును చూసి, అన్నీ మనసులో కలిపి పెట్టుకున్నారు, మధ్యలో గాలి కూడా తగిలింది. ఇవన్నీ ఒకే చట్రంలో ఇరికించాలని ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్ పెట్టారు. వైడ్ పెట్టేసరికి దూరపు కొండలు గుట్టలైపోయాయి, మధ్యలో అంతా ఖాళీ మిగిలింది.

రెండు దారులున్నాయి. వైడ్‌గానే తీయాలంటే ముందు భాగంలో ఏదో ఒకటి ఉండాలి, కాళ్ల దగ్గర ఒక రాయో, గడ్డిపూల గుత్తో, వంకర తిరిగిన కాలిబాటో. దానికి బాగా దగ్గరగా, బాగా కిందికి వంగి తీయండి. కన్ను అక్కడ దిగి, నడుచుకుంటూ వెనక కొండదాకా వెళ్తుంది. లేదంటే వైడ్ మానేసి జూమ్ చేసి, ఆ పెద్ద దృశ్యంలో మీకు ఎక్కువ నచ్చిన ఒక్క ముక్క తీయండి. ఒకదాని వెనక ఒకటి లేత నీలంగా పలచబడుతూ పోయే కొండల వరసలు జూమ్‌లోనే బాగుంటాయి. కొత్తవాళ్లకు నేను రెండోదే చెబుతాను, ఎందుకంటే వైడ్ లెన్స్‌లో అనవసరమైనవి చాలా వచ్చి చేరతాయి, వాటిని తప్పించడం కష్టం.

నేలా ఆకాశం కలిసే గీత వంకరగా ఉందేమో చూసుకోండి, నీళ్లున్న ఫొటోలో మరీ ముఖ్యం, లేకపోతే చెరువు ఒక పక్కకు ఒలికిపోతున్నట్టుంటుంది. ఆకాశంలో మబ్బులేమీ లేకపోతే దానికి సగం చోటివ్వాల్సిన పనేముంది? పైన సన్నటి పట్టీలా వదలండి, లేదా పూర్తిగా తీసేయండి. వెలుగు గురించి మీకు తెలిసే ఉంటుంది, పొద్దున్నా సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో నీడలు పొడుగై ఎత్తుపల్లాలు తెలుస్తాయి. మబ్బు పట్టిన రోజు మాత్రం ఇంట్లో కూర్చోకండి. అడవి లోపల, పూల దగ్గర, వాగుల దగ్గర మబ్బు వెలుగే మంచిది, ఎండ ఉంటే ఆకుల మీద తెల్ల మచ్చలు, కింద నల్ల మచ్చలు పడి కన్ను ఎక్కడా నిలవదు. తడి ఆకుల మెరుపు తగ్గించడానికి లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ పనికొస్తుంది.

ప్రశ్న: పరిగెత్తే కుక్కను, ఎగిరే పక్షిని తీస్తే రెక్క కొనో, తోకో, కాలో తెగిపోతోంది.

జవాబు: మరీ దగ్గరగా జూమ్ చేస్తున్నారు. కాస్త వెనక్కి లాగి, చుట్టూ చోటు వదిలి తీయండి, తర్వాత కోసుకోవచ్చు, తెగిన రెక్కను మాత్రం అతికించలేం. కోయాల్సివస్తే ధైర్యంగా కోయండి, ముఖం మట్టుకే ఉంచి మెడ దగ్గర కోస్తే కావాలని చేసినట్టుంటుంది, పాదాలు మాత్రం పోతే చేతకాక పోయినట్టుంటుంది.

ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) 1/2000 సెకను దగ్గర మొదలుపెట్టండి, పరిగెత్తే జంతువుకు 1/1000, నడిచేదానికి 1/500 సరిపోతుంది. వరసగా తీసే బర్స్ట్ పెట్టుకుని, తర్వాత కాళ్లు విడివిడిగా ఉన్న ఫ్రేమును ఎంచుకోండి, ఒకదాన్నొకటి కప్పేసిన కాళ్లు చూడ్డానికి బాగోవు. ఇది మామూలు కంటికి అందే విషయం కాదు. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి పరిగెత్తే గుర్రాన్ని తీసేదాకా దాని నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేస్తాయా లేదా అని పెద్దపెద్దవాళ్లే వాదించుకున్నారు. లేస్తాయి, అదీ చిత్రకారులు వేసినట్టు ముందుకీ వెనక్కీ చాచినప్పుడు కాదు, పొట్టకిందికి ముడుచుకున్నప్పుడు.

ప్రశ్న: ఇంటి దగ్గర చెట్టుమీద పిట్టగూడు ఉంది. అడ్డంగా ఉన్న రెండు కొమ్మలు విరిచేస్తే ఫ్రేము అద్భుతంగా వస్తుంది. విరవనా?

జవాబు: వద్దు. ఆ కొమ్మలు మీ ఫ్రేముకు అడ్డమేమో గానీ పిల్లలకు ఎండ తగలకుండా, కాకి కంట పడకుండా కాపాడేవి అవే. తల్లి భయపడి గూటికి రావడం మానేయొచ్చు కూడా. గూడు దగ్గర కొత్తవాళ్లు ఫొటోలే తీయకపోతే మంచిదని నా అభిప్రాయం, తల్లి మేత వెతుక్కునే చోట దూరంనుంచి తీయండి. పిట్టల మాట అటుంచి మీ సంగతైనా ఆలోచించుకోండి. ఎరిక్ హాస్కింగ్ అని బ్రిటన్‌లో పేరున్న పక్షి ఫొటోగ్రాఫర్ ఉండేవాడు, 1937లో గూటి దగ్గరికి వెళ్తే గుడ్లగూబ వచ్చి తన్నింది, ఒక కన్ను పోయింది.

ప్రశ్న: ఒక్కసారి బయటికి వెళ్తే మూడొందల ఫొటోలు తీస్తాను. అందులో ఏవి బాగున్నాయో నాకే తెలియడం లేదు, అన్నీ ఒకేలా ఉన్నాయి.

జవాబు: తీసిన రోజు చూడకండి. ఆ రోజు మీకు ఫొటో కనపడదు, దానికోసం పడ్డ పాట్లు కనపడతాయి, మోకాళ్లు నొప్పెట్టిన ఫొటోలన్నీ గొప్పగా అనిపిస్తాయి. రెండు రోజులు ఆగి, స్క్రీన్ మీద బొటనవేలి గోరంత బొమ్మలుగా పరిచి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా ఏ జంతువో, ఏం చేస్తోందో తెలుస్తుంటే అది పక్కన పెట్టండి. పక్కన పెట్టినవాటిని ఒక్కొక్కటిగా తలకిందులు చేసి చూడండి, అప్పుడు అది ఉడుతలా కాకుండా వట్టి రంగులు, ఆకారాలుగా కనిపిస్తుంది, ఏ మూల బరువెక్కువైందో, ఏ మచ్చ కన్నును లాగేస్తోందో ఇట్టే తెలిసిపోతుంది. మూడొందల్లో మూడు మిగిలితే బాగానే తీసినట్టు. మిగతావి డిలీట్ చేసేముందు మాత్రం ఒక పది ఫొటోలు తీసుకుని, ప్రతిదానికీ "ఇది ఎందుకు పోయింది" అని ఒక్క మాటలో రాసుకోండి. కొమ్మ, స్తంభం, వంకర, తోక. ఒకే మాట నాలుగుసార్లు వస్తే వచ్చేసారి బయటికి వెళ్లినప్పుడు ఆ ఒక్కటే చూసుకోండి.